నోరు మూసుకుని చెప్పిన పాఠాలు

1953 జూలై 6, సోమవారం. ఉదయగిరి

గొంతు గురించి ఇంట్లో మళ్లీ మాటొచ్చింది. మిరియాల కషాయం గ్లాసు ముందు పెట్టి, తాగేదాకా కదలనన్నట్టు మా ఆవిడ వరదమ్మ ఎదురుగా నిలబడింది. "మీ గొంతు మీది మాదిరి లేదు. రేకు డబ్బాలో రాళ్లేసి కదిపినట్టుండాది" అనింది.

ఇరవై ఎనిమిదేళ్లుగా పొద్దున్నించి సాయంత్రందాకా పాఠం చెప్పే గొంతు ఇది. వేసవి సెలవులైపోయి బడి తెరిచిన కొత్తల్లో ప్రతి ఏడూ కాస్త బొంగురుపోతుంది, మళ్లీ సర్దుకుంటుంది. వరదమ్మకి నా గొంతు తెలుసు గానీ బడి తెలియదు.

తాగినాను.

ఈ ఏడు ఎనిమిదో తరగతి పిల్లకాయలు గట్టివాళ్లు. లెక్కలూ తెలుగూ నేనే తీసుకున్నాను. "హెడ్మాస్టరుకి పాఠాలెందుకు సార్, ఆఫీసు పనే బోలెడు ఉంటుంది గదా" అంటుంది వసంతకుమారి. కలిగిరి పిల్ల. ట్రైనింగు పూర్తి చేసి నేరుగా మా బోర్డు స్కూలుకి ఒకటో తరగతి టీచరుగా వచ్చింది. తెలివైందే, కాకపోతే ట్రైనింగులో చెప్పినవన్నీ నిజమనుకుంటుంది. పాఠమంటే ఏందో ఆమెకి నేనొకరోజు కూర్చోబెట్టి చెప్పాలి. పాఠమంటే గొంతు. మిగతావన్నీ దాని తర్వాతే. నేను పద్యం ఎత్తుకుంటే బజార్లో మూట భుజానేసుకుని పోయే మనిషి కూడా ఆగి విని పోతాడు. అయ్యవారి గొంతు దుర్గం కొండకి తగిలి తిరిగొస్తుందని పిల్లకాయలు చెప్పుకుంటారు. అంత దూరం పోదు. నేను కాదనలేదు.

జూలై 9

కషాయం. పనిచేస్తా ఉండాది.

జూలై 13

కషాయం మానేసినాను. తేనె, అల్లం.

జూలై 20, సోమవారం

పద్యం మధ్యలో గొంతు నిలిచిపోయింది. మూడో పాదం ఎత్తుకోబోతే గాలి వచ్చింది, మాట రాలేదు.

పిల్లకాయలు నవ్వి ఉంటే బాగుండేది. ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో నుంచి మాలకొండమ్మ లేచి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. ఈ పిల్ల కొండకింద గొర్రెలు మేపే ఓబులయ్య కూతురు. మా పక్కింట్లో వాళ్లవ్వ దగ్గరుండి చదువుకుంటా ఉండాది. మూడేళ్లుగా నా క్లాసులో కూర్చుంటా ఉండాది గానీ నోరు తెరిచి మాట్లాడింది నేనెరగను.

నీళ్లు తాగి మళ్లీ ఎత్తుకున్నాను. మళ్లీ గాలే.

అర్థం మీరే చదువుకోండని సైగ చేసి కూర్చున్నాను. బజార్లో ఎవరూ ఆగి ఉండరు ఇవాళ.

జూలై 25, శనివారం. ఆత్మకూరు

నెల్లూరు పోయి డాక్టరుకి చూపించుకున్నాను. నాలిక బయటికి లాగి, గొంతులోకి చిన్న అద్దం పెట్టి చూసినాడు. "పార పట్టేవాళ్లకి చేతులు కాయలు కాసినట్టు మీకు గొంతు కాయలు కాసింది" అన్నాడు. మందు లేదు. మూడు నెలలు మౌనం. గుసగుస కూడా పనికిరాదు, అది మాట్లాడేదానికన్నా చెడ్డదంట. మూడు నెలల్లో తగ్గిపోతుంది.

బయట బెంచీ మీద కూర్చోనున్న వరదమ్మ లేచి "ఏమన్నాడు?" అనింది. మూడు వేళ్లు చూపించి నోటి మీద చెయ్యి పెట్టుకున్నాను. "మూడు నెలలా? అంతేనా? ఇంకేమనలేదా?" అని నా మొహంలోకి చూసింది. అంతేనని తలూపినాను.

సెలవు పెట్టమన్నాడు డాక్టరు. పెట్టను. పెద్ద సెలవు పెడితే వైద్యుల బోర్డు ముందుకి రమ్మంటారు, పనికిరావని ఇంటికి పంపించేస్తారు. ఎనిమిదో తరగతికి పబ్లిక్ పరీక్ష దగ్గర పెట్టుకుని నేను ఇంట్లో కూర్చునేది లేదు. అయినా నోరు లేకుండా పాఠం చెప్పలేనివాడు నోరుండి మాత్రం ఏం చెప్తాడు?

రాత్రికి ఆత్మకూరులో మా అన్న ఇంట్లో దిగినాము. మా నాయన పెట్టిన కొట్టు ఆదినారాయణన్నే చూసుకుంటాడు. ఉప్పు, చింతపండు, మిరపకాయలు, చుట్టుపక్కల పల్లెలకి టోకు వ్యాపారం. సంగతి విని, "మంచిదేరా మల్లికార్జునం! ఇప్పుడన్నా కొట్లో కూర్చో. గిరాకీతో మాట్లాడేదానికి నేనుండాను. తూకం చూసేదానికి గొంతెందుకు?" అన్నాడు. నాలుగు జవాబులు నోటిదాకా వచ్చినాయి. నాలుగూ మింగినాను. జవాబు చెప్పే వీలు లేనప్పుడు ఎదుటివాడి మాట ఎంత పొడుగైపోతుందో ఇవాళ చూసినాను.

జూలై 27, సోమవారం

నోరు లేకుండా మొదటి రోజు. బాగా జరిగింది. చెప్పాల్సిందంతా బోర్డు మీద రాసినాను. నేను బోర్డు వైపు తిరిగినప్పుడల్లా వెనకాల సంత. బెత్తంతో బల్ల మీద కొట్టినాను. సుద్దముక్కలు అయిపోయినాయి. మొత్తం మీద బాగానే జరిగింది.

జూలై 28

బాగా జరగలేదు.

జూలై 30

బడి నుంచి పలక ఒకటి ఇంటికి తెచ్చుకున్నాను. 'చారు కాస్త పల్చగా చెయ్యి' అని రాసి వరదమ్మ ముందు పెట్టినాను. పలక చూసింది. నన్ను చూసింది. "నాకు చదువొచ్చునా?" అనింది.

తెలుసు. పలక చేతికొచ్చిన సంబరంలో గుర్తు రాలేదు.

ఆమె పలక తీసుకుని పెరట్లోకి పోయి గోడ మీదుగా "మాలకొండమ్మా, ఇదేందో చూడు" అని అందించింది. ఆ పిల్ల పైకి చదివింది. "సార్ చారు పల్చగా కావాలంటున్నారక్కా." వాళ్లవ్వ కూడా విన్నట్టుంది. "ఈ వయసులో పల్చగానే తాగాల" అని ఆ పక్కనించి వినబడింది.

ఏర్పాటు కుదిరింది. ఇది కూడా ఒక పద్ధతే.

ఆగస్టు 3

నూనె అయిపోయిన సంగతి, బట్టలు చాకలికి వేసే సంగతి, నాకు రెండు దోసెలు చాలుననే సంగతి, అన్నీ గోడ దాటి పోయి వస్తా ఉండాయి. నా ఇంట్లో నా మాట నా శిష్యురాలి గొంతుతో వినబడతా ఉండాది. సక్రమంగానే ఉండాది.

ఆగస్టు 9, ఆదివారం

వరదమ్మ నన్ను అనుమసముద్రంపేట దర్గాకి తీసకపోయింది. తాయెత్తు కట్టించింది. ఆడ కళ్లు మూసుకుని చాలాసేపు పెదవులు కదిలించింది. ఏం మొక్కుకున్నావని అడగాలనిపించింది. పలక ఇంట్లో పెట్టి వచ్చినాను. తెచ్చినా చదివి పెట్టేదెవరు?

ఆగస్టు 19

తోట చుట్టూ బాట వేస్తే వైశాల్యం ఎంత అనే లెక్క. బోర్డు మీద చేస్తా చేస్తా, బాట వెడల్పు ఒక పక్కే కలిపి ముందుకి పోయినాను. వెనకాల గుసగుసలు. బెత్తం తీసుకోబోతే మాలకొండమ్మ లేచి నిలబడింది. "సార్, బాట రెండు పక్కలా ఉంటుంది గదా?"

నేను బోర్డు చూసినాను. వెనక బెంచీ శీనయ్య అందుకున్నాడు. "ఒక పక్కే బాటేస్తే తోటమాలి పోయినవాడు మళ్లెట్లా వస్తాడు?" క్లాసంతా నవ్వింది. నేను సుద్దముక్క వాడి చేతికిచ్చినాను. వాడు చేసినాడు, అదీ తప్పే. ఇంకొకడు లేచినాడు. గంట కొట్టేదాకా ఎవరూ కూర్చోలేదు. చివరికి లెక్క తేలింది. నేను చేసింది ఒకటే, గోడకి ఆనుకుని నిలబడినాను.

తప్పు కావాలనే రాసినాను.

ఆగస్టు 20

ఇవాళ కూడా కావాలనే ఒక తప్పు రాసినాను. ఇవాళ నిజంగానే కావాలని.

ఆగస్టు 26

దీన్ని ఒక పద్ధతిగా పెట్టుకున్నాను. ప్రశ్న రాస్తాను, చేతులు కట్టుకుని నిలబడతాను. అంతే. మొదట్లో ఆ నిశ్శబ్దం నాకే ఊపిరాడనిచ్చేది కాదు. పిల్లకాయలు నా మొహంలోకి చూసేవాళ్లు, జవాబు ఆడ దొరుకుతుందని. ఇప్పుడు చూడటం మానేసినారు. ఈయనకి చెప్పేదానికి నోరు లేదని వాళ్లకి నమ్మకం కుదిరింది. ఇక వాళ్లే చెప్పుకోవాలి గదా.

గొంతుండగా ప్రశ్న వేసి ఎంతసేపు ఆగేవాణ్ణి? ఊపిరి పీల్చుకునేంతసేపు. తర్వాత నేనే జవాబు చెప్పి, అర్థమైందా అని అడిగి, అర్థమైందని వాళ్లచేత అనిపించి ముందుకి పోయేవాణ్ణి. అది కూడా మంచి బోధనే. కాకపోతే అందులో నేర్చుకునే పని కూడా నేనే చేసేవాణ్ణేమో అనిపిస్తా ఉండాది.

మాలకొండమ్మ మాట్లాడతా ఉండాది. గోడ మీదుగా నా పలక చదివీ చదివీ ఆ పిల్లకి గొంతు విచ్చుకుంది. అంతకుముందు చదవమంటే తల వంచుకునేది. హెడ్మాస్టరు సంసారం గట్టిగా చదివి పెట్టాక ఇక దేనికి భయపడాలి?

కిటికీలోంచి చూసినట్టుంది వసంతకుమారి. "సార్, మా ట్రైనింగులో చెప్పింది కూడా ఇదే. పిల్లలకి ఆలోచించుకునే వ్యవధి ఇవ్వాలని" అనింది. 'ఇది నేను కనిపెట్టింది' అని పలక మీద రాసి చూపించినాను. చదివి, "సరే సార్" అనింది.

సెప్టెంబరు 14

డాక్టరు ఇంకో మాట కూడా అన్నాడు. జూలైలో ఇక్కడ రాయలేదు. చాలామందికి గొంతు తిరిగొస్తుంది, కొంతమందికి రాదు అన్నాడు. మీ వయసుకి, మీరు వాడినదానికి, గట్టిగా చెప్పలేనన్నాడు.

సాయంత్రం వరదమ్మ అరుగు మీద చింతపండు గింజలు తీస్తా ఉండాది. పక్కన కూర్చున్నాను. ఎందుకో రాసినాను. 'గొంతు రాదేమో. భయంగా ఉండాది.' రాసి ఆమె ముందు పెట్టినాను.

ఆమె చేతులు తుడుచుకుని, పలక తీసుకుని, అలవాటు ప్రకారం పెరటి గోడ దగ్గరికి నడిచింది. "మాలకొండమ్మా!" అని పిలిచింది.

ఒక్క అంగలో పోయి పలక లాక్కుని అరచేత్తో తుడిచేసినాను.

గోడవతల నుంచి "వస్తా ఉండానక్కా" అనింది ఆ పిల్ల. "ఏం లేదులేమ్మా, పో" అనింది వరదమ్మ. నా అరచేతి మీద సుద్ద చూసింది.

"చారు గురించి కాదు గదా?"

కాదని తలూపినాను.

"ఆ పిల్ల చదవగూడని మాటా?"

అవునన్నాను, తలతోనే. మాకు పిల్లల్లేరు. ఈ ఇంట్లో మాటంటే మా ఇద్దరి మధ్య మాటే. ఆమె చెంగుతో నా అరచెయ్యి తుడిచింది. "అయితే నేనే చదవాల" అనింది.

సెప్టెంబరు 15

అక్షరాభ్యాసం చేయించినాను. అ, ఆ. దసరాకంతా గుణింతాలు ముగించి దీపావళికి వాక్యాల్లోకి దించుతాను. మొండి పిల్లకాయల్ని ఎందరినో దించినవాణ్ణి.

సెప్టెంబరు 18

అ దగ్గరే ఉండాము. చెయ్యి పట్టుకుని దిద్దించినాను. పలక మీద వేలితో తట్టినాను, మళ్లీ తట్టినాను. ఆమె బలపం పక్కన పెట్టేసింది.

"నేను మీ బళ్లో పిల్లని కాదు. అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు. మనకి ఆవు లేదు. నాకిప్పుడు ఆవుతో పనేముండాది? మీరు నాతో రోజూ ఏమంటారో అది రాయండి."

తల అడ్డంగా ఊపినాను. అచ్చులు, హల్లులు, గుణింతాలు లేకుండా నేరుగా మాటలా? నా సర్వీసులో వినలేదు.

"అన్నం తినేదానికి ముందు దుక్కి దున్నేది నేర్చుకోవాల్నా?" అనింది.

గొంతుంటే దీనికి మంచి జవాబు చెప్పి ఉండేవాణ్ణి. లేదు కాబట్టి ఆలోచించాల్సి వచ్చింది.

సెప్టెంబరు 22

మధ్యాహ్నం బడి నుంచి వచ్చి 'అన్నం పెట్టు' అని రాసినాను. "అన్నం పెట్టమనేనా? ఈ వేళప్పుడు ఇంకేం రాస్తారు" అనింది. అది చదవడం కాదు, మొగుణ్ణి ఎరిగి ఉండటం. కానీ విస్తరి వేయకుండా పలక పట్టుకుని చూస్తా నిలబడింది. అన్నం చల్లారింది. నేను సైగ చేయలేదు.

సెప్టెంబరు 24

భోజనమైనాక తాంబూలం వేసుకుంటా 'సున్నం' అని రాసినాను. పలక దగ్గరికి తీసుకుంది, దూరం పెట్టింది.

"ఏమండీ, అన్నంలో ఉండేది దీంట్లో కూడా ఉండాదే! ఈ తోక, ఈ గుండ్రం, రెండూ. అన్నం, సున్నం!"

ఎవరూ చెప్పలేదు. నాకు నోరు లేదు.

రేపు వసంతకుమారితో ఈ సంగతి చెప్పాలి. రాసి చెప్పాలి.

అక్టోబరు 1, గురువారం

ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. జెండా కింద ఉపన్యాసం నేను ఇవ్వాల్సింది. వసంతకుమారి ఇచ్చింది. నేను రాసిచ్చిందే, సగం మార్చింది. మార్చిన సగం బాగుండాది.

అక్టోబరు 8

ఒకటో తరగతిలో వసంతకుమారి ఆ పద్ధతే మొదలుపెట్టింది. పిల్లకాయలు ఇంట్లో రోజూ వినే మాటలు బోర్డు మీద. మేక, గంప, గంజి, కొండ. ఏ రెండు మాటల్లో ఒకే అక్షరముందో వాళ్లే వెతుక్కోవాలి. అక్షరం దొరికినవాడు గంతులేస్తా ఉండాడు. వరసగా దిద్దించడం మానెయ్యొద్దని రాసిచ్చినాను. రెండూ ఉండాలి. ముందు ఆకలి, తర్వాత వంట.

'ఇది మీ ట్రైనింగులో చెప్పినారా?' అని రాసినాను. "లేదు సార్. ఇది మీరే కనిపెట్టినారు" అనింది.

నేను కాదని రాయబోయి ఆగినాను. తర్వాత రాసినాను. 'మా ఇంట్లో కనిపెట్టినారు.'

అక్టోబరు 24, శనివారం

నెల్లూరు. మళ్లీ అద్దం. కాయలు తగ్గినాయి గానీ పోలేదు. ఇంకో రెండు నెలలు మూసుకోమన్నాడు.

తిరుగు బస్సు కోసం నిలబడినప్పుడు వరదమ్మ బస్సు బోర్డు చదివింది. "ఆ... త... కూరు. ఆతకూరా? త కింద ఏదో తగిలించినారే!" ఒత్తు అని రాసి చూపించినాను. "ఒక అక్షరం కింద ఇంకో అక్షరాన్ని వేలాడగట్టేదెందుకు? ఆత్మకూరుకి ఇంత కష్టమా?" అనింది. పక్కనున్నవాళ్లు నవ్వినారు. ఆమె కూడా.

బస్సులో డాక్టరు మాట రాసి చూపించినాను. "ఇం... కా... రెం... డు..." అని పైకి మొదలుపెట్టింది. ముందు సీట్లోవాళ్లు వెనక్కి తిరిగినారు. ఆపేసింది. పలక ఒళ్లోకి దించుకుని మనసులో చదువుకుంది. పెదవులు కదల్లేదు. ఇది ఎప్పుడు నేర్చిందో నాకు తెలియదు. నేను నేర్పలేదు.

ఆత్మకూరు దాటినాక తుడిచి, మళ్లీ రాసినాను. సెప్టెంబరులో రాసిందే. ఆమె వేలు ఒక్కొక్క అక్షరం కింద నడిచింది. 'భయం' దగ్గర ఆగింది. మళ్లీ మొదటికి వచ్చి మొత్తం చదివింది. తనే చెంగుతో తుడిచింది. కిటికీలోంచి బయటికి చూస్తా, "నాక్కూడా" అనింది.

బస్సు ఉదయగిరి చేరేదాకా నా చెయ్యి వదల్లేదు.

నవంబరు 18

ఇన్‌స్పెక్షను. ఇన్‌స్పెక్టరు కొత్తవాడు, చురుకైన మనిషి. "మాట్లాడలేని హెడ్మాస్టరు పాఠమెట్లా చెప్తాడమ్మా?" అని వసంతకుమారిని అడిగినాడు, నేను పక్కనే ఉండగా. గొంతు పోయినవాడికి చెవులు కూడా పోయినాయని అందరూ అనుకుంటారు. "మీరే చూడండి సార్" అనింది ఆమె.

ఎనిమిదో తరగతికి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నేను భిన్నాల లెక్క రాసి చేతులు కట్టుకున్నాను. కాసేపు చూసి ఉండబట్టలేక ఆయనే లేచినాడు. "భిన్నాన్ని భిన్నంతో భాగించాలంటే రెండోదాన్ని తలకిందులు చేసి గుణించాలి. తెలిసిందా?"

మాలకొండమ్మ లేచింది. "తలకిందులు ఎందుకు చేయాల సార్?"

"అది రూలు."

"రూలు ఎవరు పెట్టినారు సార్?" అన్నాడు శీనయ్య. వాడి గొంతులో ఎకసెక్కెం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగినాడు.

ఇన్‌స్పెక్టరు నా వైపు చూసినాడు. నేను ఏం చేయగలను? నాకు నోరు లేదు. ఆయన మాలకొండమ్మ వైపు తిరిగి "సరే, నువ్వే చెప్పు ఎందుకో" అన్నాడు.

ఆ పిల్ల బోర్డు దగ్గరికి పోయింది. "అర శేరు పాలుండాయి సార్. పావు శేరు పట్టే గ్లాసుతో పోస్తే ఎన్ని గ్లాసులవుతాయి? అరని పావుతో భాగించాల. శేరుకి నాలుగు గ్లాసులు గదా. అర శేరుకి నాలుగులో సగం. అంటే అరని నాలుగుతో గుణించినట్టే. ఒకటి కింద నాలుగు తలకిందులైతే నాలుగే గదా సార్." రాసి, సుద్ద చేతులు పావడాకి తుడుచుకుని వచ్చి కూర్చుంది.

"మూడోవంతు గ్లాసైతే?" అన్నాడు ఆయన.

"అప్పుడు శేరుకి మూడు" అని క్లాసంతా ఒక్కసారే అరిచింది.

ఆయన నవ్వలేదు. కానీ తర్వాత క్లాసుకి పోవాల్సినవాడు ఆడనే కూర్చున్నాడు, గంట కొట్టేదాకా.

పోయేముందు రిపోర్టు రాసినాడు. 'విద్యార్థులు లెక్కలలో దిట్టలు. పెద్దలను ప్రశ్నించు అలవాటు ఎక్కువగా నున్నది. ప్రధానోపాధ్యాయుడు డిసెంబరు ఆఖరులోగా గొంతు బాగుపడినట్లు డాక్టరు సర్టిఫికెట్ దాఖలు చేయవలెను. లేనిచో వైద్యుల బోర్డుకు పంపబడును.' మనిషి చెడ్డవాడు కాదు. ఆయనకి కూడా పైవాళ్లుంటారు.

డిసెంబరు 2

సర్టిఫికెట్ గురించి ఆలోచించడం లేదు.

డిసెంబరు 3

ఆలోచించడం లేదు.

డిసెంబరు 6

అన్న ఆత్మకూరు నుంచి కార్డు రాసినాడు. గల్లాపెట్టె పక్కన నా కోసం కొత్త పరుపు కుట్టించినాడంట. కార్డు వరదమ్మే చదివింది, కూడబలుక్కుంటా. గల్లా దగ్గర, పెట్టె దగ్గర ఒత్తులు అడ్డం పడినాయి. మొత్తం చదివి, "పరుపు మెత్తగానే ఉంటాది. మీరు పోతారా?" అనింది.

'పోను' అని రాసినాను. రెండే అక్షరాలు. చిటికెలో చదివింది.

"గొంతు రాకపోతే?"

'రాకపోతే ఇంట్లో బడి పెడతాను. అట్లా చెప్పేది ఇప్పుడే కదా వచ్చింది నాకు.'

దాన్ని చదివేదానికి చాలాసేపు పట్టింది. నేను ఆగినాను. చదివినాక "అరుగు చాలదు. పెరట్లో పందిరి వేయించాల" అనింది.

డిసెంబరు 19, శనివారం

పొద్దున్నే ఒక్కణ్ణే నెల్లూరు పోయినాను. డాక్టరు అద్దం తీసి చాలాసేపు చూసినాడు. ఆ అనమన్నాడు. అన్నాను. ఈ అనమన్నాడు. అన్నాను. నా గొంతు నాకు ఎవరో ముసలాయన గొంతు మాదిరి వినబడింది. సన్నగా, ఎండిన ఆకు మాదిరి. అయినా గొంతే.

"మాట్లాడొచ్చు. మెల్లగా, కొంచెం కొంచెం. కేకలొద్దు. పద్యాలెత్తుకునేది మాత్రం ఇక మరిచిపోండి" అన్నాడు. ఎప్పటికీనా అని పలక మీద రాయబోయినాను. ఆయన జవాబు నాకు తెలుసు. రాయలేదు.

సర్టిఫికెట్ జేబులో ఉండాది. పద్యం పోయింది. బస్సులో దాని గురించి బాధపడాలని కూర్చున్నాను. నిజంగానే బాధపడినాను, సంగం ఊరొచ్చేదాకా. తర్వాత నుంచి సోమవారం క్లాసులో ఏ ప్రశ్న రాయాలా అనే ఆలోచనలో పడినాను. పద్యం శీనయ్య చేత ఎత్తించాలి. వాడిది మంచి గొంతు. దాన్ని నేనెప్పుడూ వినబడనివ్వలేదు.

కండక్టరుకి టిక్కెట్టు కూడా సైగతోనే అడిగినాను. ఆత్మకూరులో దిగలేదు. ఇన్ని నెలల తర్వాత వచ్చే మొదటి మాట అన్నకి ఇవ్వదలచలేదు. అది ఇంట్లోనే వాడాలి. ఏం మాట్లాడాలో దారి పొడుగునా అనుకుంటా వచ్చినాను.

చేరేసరికి పొద్దు కొండ వెనక్కి దిగతా ఉండాది. వరదమ్మ అరుగు మీద పలక ఒళ్లో పెట్టుకుని ఒత్తులు రాసుకుంటా ఉండాది. నన్ను చూసి లేచింది. సర్టిఫికెట్ తీసి చూపించినాను.

"గొంతొచ్చిందా?"

తలూపినాను. కళ్లు తుడుచుకుంది. కూర్చుంది. మళ్లీ లేచింది. నేను దగ్గరికి పోయి నోరు తెరిచినాను. "వర" అన్నానో లేదో, చెయ్యెత్తి నా నోరు మూసింది.

"ఆగండి. ఇంకొన్నాళ్లు మాట్లాడొద్దు."

డాక్టరు మాట్లాడొచ్చన్నాడని కళ్లతో చెప్పబోయినాను.

"బళ్లో మాట్లాడుకోండి. ఇంట్లో మాత్రం వద్దు. నేనింకా ఒత్తులు పూర్తి చేయలా. మీరు నోరు తెరిస్తే నేను వింటా కూర్చుంటాను. మీ గొంతు నాకు అట్లాంటిది. ఇక నా కన్ను అక్షరం మీదికి పోదు. ఒత్తులయ్యేదాకా ఓపిక పట్టండి, మీకు పుణ్యముంటాది."

నా గొంతుని ఇంతగా మెచ్చుకున్నవాళ్లు ఇన్నేళ్లలో లేరు. నోరు మూయించినవాళ్లు కూడా లేరు. దారి పొడుగునా అనుకుంటా వచ్చిన మాటలన్నీ ఆడనే నిలిచిపోయినాయి. పక్కన కూర్చుని, పలక అందుకుని, 'అట్లాగే' అని రాసి ఇచ్చినాను.

ఆమె అ చదివింది. ట కింద వేలు పెట్టి, దాని కింద వేలాడే ల దగ్గర ఆగిపోయింది. ట... ట... అనింది. నా మొహంలోకి చూడలేదు, పలకే చూస్తా ఉండాది. చెప్పేదానికి ఇప్పుడు నాకు గొంతుండాది. నాలిక మీదికి వచ్చింది కూడా.

చెప్పలేదు. కాసేపటికి తనే చదువుకుంది.